మతం గడి దగ్గర చెయ్యి ఆగినప్పుడు

2012లో మీసేవ సెంటర్ పెట్టాను. సూర్యాపేట జిల్లాలో ఒక చిన్న మండల కేంద్రం మాది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, పిల్లల అడ్మిషన్లు, ఉద్యోగాల దరఖాస్తులు, అన్నీ కలిపి రోజుకు నలభై యాభై ఫారాలు నా చేతి మీదుగా పోతాయి. పేరు, తండ్రి పేరు, ఊరు గబగబా చెప్పేస్తారు. మతం అన్న గడి వచ్చేసరికి కొందరి గొంతు తగ్గిపోతుంది. వెనక లైన్లో ఎవరున్నారో ఒకసారి తిరిగి చూసుకుంటారు. టేబుల్ మీదికి వంగి మెల్లగా చెబుతారు.

"నేనేం నమ్మితే ఎవరికేంటన్నా? ఇందులో రాజకీయం ఏముంది?" అని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. మనసులో ఉన్నంతసేపు ఏమీ లేదు, నిజమే. కానీ ఆ నమ్మకాన్ని చూసి ఒకరు సీటు ఇస్తారు, ఒకరు సీటు ఆపుతారు. ఇంకొకరు ఇల్లు అద్దెకివ్వనంటారు. ఎన్నికలప్పుడు ఏ వాడలో ఎవరు ఎందరో లెక్కేసుకుంటారు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు మీరు నోరు తెరవకపోయినా మీ నమ్మకం రాజకీయంలోనే ఉంది. జెండా పట్టుకోనక్కర్లేదు, మీటింగుకు పోనక్కర్లేదు. గడి ఖాళీగా వదిలితే దాన్ని కూడా ఒక జవాబుగానే తీసుకుంటారు. అందుకే ఆ గడి ఎలా నింపాలో, నింపనంటే ఏం చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. నేను లాయర్ని కాను. పన్నెండేళ్లకు పైగా కౌంటర్ వెనక కూర్చుని నేర్చుకున్నది ఇది.

ఒక మాట ముందే చెప్పాలి. నేను దేవుణ్ని నమ్మేవాణ్ని. కొమురవెల్లి మల్లన్న మా ఇలవేల్పు, ఏటా పోయి పట్నం వేయించుకుని వస్తాం. "మతం లేదు" అని రాయించుకునే హక్కు గురించి నాస్తికులే మాట్లాడాలని ఎక్కడా లేదు.

నేను చేసిన తప్పు

కొన్నేళ్ల కిందట ఒక అడ్మిషన్ దరఖాస్తుకు అది ఆఖరి రోజు. చీకటి పడ్డాక ఒక అమ్మాయి తల్లితో వచ్చింది. తల్లి పుట్టింది హిందువుల ఇంట్లో, తండ్రి పుట్టింది ముస్లింల ఇంట్లో, వాళ్లది రిజిస్టర్ పెళ్లి. మతం గడి దగ్గర "ఏదీ లేదన్నా" అంది అమ్మాయి. గడి పక్కన ఎర్ర స్టార్ గుర్తు, అంటే తప్పనిసరి. బాణం మీద నొక్కితే ఆరు పేర్లు కిందికి జారాయి. హిందూ, ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, జైన. 'ఇతరులు' అన్నది కూడా లేదు. ఖాళీగా వదిలి ముందుకు పోదామంటే గడి చుట్టూ ఎర్ర గీత పడి అక్కడే ఆగిపోయింది. అంతలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ కూత పెడుతోంది, నాకు టెన్షన్. తల్లి నుదుట బొట్టు చూశాను, 'హిందూ' మీద నొక్కి తర్వాతి పేజీకి పోయాను. ఆ అమ్మాయిని ఒక్క మాట అడగలేదు.

ప్రింట్ చేతికిస్తే నిలబడి మొత్తం చదివింది. ఏమీ అనలేదు. వారం తర్వాత ఒక్కతే వచ్చింది. నోట్‌బుక్‌లోంచి చింపిన అరపేజీ కాగితం నా ముందు పెట్టింది. నీలం ఇంకుతో, ఒత్తి ఒత్తి రాసిన అక్షరాలు. "మా ఇంట్లో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. నేను ఇద్దరిలో ఒకరిని ఎంచుకోలేదు. మతం గడిలో ఉన్నది నేను రాసింది కాదు." కింద సంతకం, తేదీ. "దీన్ని అప్లికేషన్‌కి జత చేయొచ్చా అన్నా?" అని అడిగింది. పదహారేళ్లు ఉంటాయేమో. నాకు నోట మాట రాలేదు. ఒక్క నొక్కుతో ఆ పిల్ల కాగితంలోంచి వాళ్ల నాన్నను తీసేశాను నేను.

ఆ రాత్రి నుంచి ఈ సంగతి మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. మొదట నా కంటపడింది కేరళ పిల్లల కేసు. 1985లో అక్కడ ఒక బడిలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబం పిల్లలు ముగ్గురు జాతీయగీతం పాడేవాళ్లు కాదు. అందరితో పాటు లేచి మర్యాదగా నిలబడేవాళ్లు, పెదవులు మాత్రం కదిపేవాళ్లు కాదు. దేవుణ్ని తప్ప ఇంకెవరినీ కీర్తించకూడదని వాళ్ల నమ్మకం. ఒక ఎమ్మెల్యే ఈ విషయాన్ని అసెంబ్లీలో ఎత్తాడు. విచారణ వేశారు. పిల్లలు బుద్ధిమంతులని, గీతాన్ని అవమానించలేదని ఆ విచారణలోనే తేలింది. అయినా బడిలోంచి పంపించేశారు. చూడండి, ఆ పిల్లలు ఏ నినాదం ఇచ్చారు? నోరు మూసుకుని నిలబడ్డారు, అంతే. ఆ మౌనం అసెంబ్లీ దాకా పోయింది.

1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి బడిలో చేర్చుకోమంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన గుత్తిలో పుట్టినాయన. అందులో ఒక మాట నాకు పనికొచ్చింది. ఫలానా నమ్మకం మన బుద్ధికి నచ్చుతుందా, మన మనసుకు ఆనుతుందా అని కాదట చూడాల్సింది, ఆ మనిషి దాన్ని నిజంగా, అంతరాత్మతో పట్టుకున్నాడా లేదా అన్నదేనట. కౌంటర్ వెనక కూర్చున్నవాడికి ఇంతకు మించిన నియమం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

గడి ఏ రకమో ముందు చూడండి

మతం గడులన్నీ ఒకటి కావు. పెన్ను తీసే ముందు, ఈ గడికి సాక్ష్యంగా ఏదైనా కాగితం అడుగుతున్నారా అని చూడండి. కులం సర్టిఫికెట్ గానీ, మైనారిటీ అని చూపే పత్రం గానీ అడిగితే ఆ గడి మీద మీకు రావాల్సింది ఏదో ఆధారపడి ఉంది, దాన్ని హక్కు గడి అంటాను. ఏ కాగితమూ అడగకుండా ఊరికే రాయమంటే, చాలాసార్లు అది పాత ఫారం నుంచి కొత్త ఫారంలోకి వచ్చిపడిన వట్టి గడి. దాన్ని తర్వాత చూసేవాళ్లే ఉండరు. మూడోది లెక్క కోసం పెట్టిన గడి, జనగణనలో, పుట్టుక నమోదులో ఉంటుంది. అది మీ ఒక్కరికి సంబంధించింది కాదు, మీలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో తేల్చేది.

వట్టి గడి దగ్గర మీకు నచ్చినట్టు ఉండండి. లెక్క గడి దగ్గర నిజం చెప్పండి, ఎందుకో కింద చెబుతాను. హక్కు గడి దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఇంటికిపోయి నలుగురితో మాట్లాడి రండి.

హక్కు గడి

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఆదివారం చర్చికి పోయే తల్లి, కొడుకు కోసం ఎస్సీ సర్టిఫికెట్‌కు వస్తుంది. మతం దగ్గర ఆగుతుంది. "నువ్వే రాయన్నా" అంటుంది. నేను రాయను. ఏది రాస్తే ఏమవుతుందో చెబుతాను.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి, ఇస్లాంలోకి పోయిన దళితులకు ఆ హోదా లేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీల్లో 'సీ' గ్రూపు, అంటే బీసీ-సీ అన్నారు. రిజర్వేషన్ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. ఒకే వాడలో, గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లలో ఇద్దరు అన్నదమ్ములు. ఊళ్లో ఇద్దరికీ జరిగే మర్యాద ఒకటే, జరిగే అవమానమూ ఒకటే. ఒకడు ఆదివారం మోకరిల్లుతాడు కాబట్టి వాడి పిల్లల దారి వేరైపోతుంది. నమ్మకం రాజకీయం ఎలా అవుతుందని అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ రెండిళ్లనే. ఇది న్యాయం కాదని నేను గట్టిగా అనుకుంటాను. కానీ ఇవాళ ఉన్న రూలు ఇది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా, క్రైస్తవాన్ని ఆచరిస్తున్న పుదుచ్చేరి మహిళ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే ఒప్పుకోలేదు.

కాబట్టి బాప్తిస్మం తీసుకునే ముందే, లేదా తీసుకుని ఉంటే పిల్లల దరఖాస్తు పెట్టే ముందే, మీ ఇంటి కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుని చూడండి. బడి రికార్డులో ఏముంది, టీసీలో ఏముంది, తండ్రి సర్టిఫికెట్‌లో ఏముంది. ఒకదానికొకటి పొంతన లేకపోతే ఇవాళ కాకపోయినా ఉద్యోగం వచ్చాక ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు, అప్పుడు మొత్తం పోతుంది. అబద్ధం రాయమని నేను ఎవరికీ చెప్పను. అలాగని నమ్మకాన్ని గుండెలో దాచుకుని బతుకుతున్న మనిషిని దొంగలా చూసేవాళ్లంటే నాకు గౌరవం లేదు. ఆ గడి పెట్టింది ఆమె కాదు కదా.

ఎస్టీలకు ఈ చిక్కు లేదు. వాళ్ల జాబితాకు మతం షరతు పెట్టలేదు. లంబాడీ తండాల నుంచి వచ్చే క్రైస్తవులు ఊరికే భయపడుతుంటారు, భయపడనక్కర్లేదని చెప్పండి.

కుల, మత గడులు రెండూ ఖాళీగా వదలాలనుకునే దళిత, బీసీ తల్లిదండ్రులు కూడా వస్తుంటారు. వాళ్ల ఆశయానికి దండం పెడతాను. అయితే రేపు పిల్లవాడికి రిజర్వేషన్ కావాలంటే కులం కాగితం లేకుండా రాదు. పై కులాల వాళ్లకు కులం వదిలేస్తే పోయేదేమీ లేదు, వీళ్లకు పోతుంది. ఈ తేడా చెప్పకుండా "కులం వదిలేయండి" అని సలహా ఇవ్వడం తప్పు.

"లేదు" అని రాయించుకోవాలంటే

ముందు మీలో మీరు తేల్చుకోండి. "నాకు మతం లేదు" వేరు, "నా మతం మీకు చెప్పను" వేరు. మొదటిది జవాబు, రెండోది జవాబు ఇవ్వకపోవడం. రెండింటికీ ఆధారం ఉంది. రాజ్యాంగం 25వ అధికరణ మతస్వేచ్ఛ కంటే ముందు అంతరాత్మ స్వేచ్ఛ అన్న మాటే వాడింది. 2014లో బాంబే హైకోర్టు, ఏ మతానికీ చెందనని చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉందని, ఫారాల్లో మతం రాయమని ప్రభుత్వం బలవంతం చేయకూడదని చెప్పింది. మనకు దగ్గరి తీర్పు 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఇచ్చింది. ఒక జంట తమ బాబు పుట్టుక దరఖాస్తులో మతం, కులం లేవని రాస్తామంటే ఆన్‌లైన్ ఫారం ఒప్పుకోలేదు. వాళ్లు కోర్టుకెక్కారు. 'మతం లేదు, కులం లేదు' అనే గడి పెట్టమని కోర్టు ఆదేశించింది. ఆ ఇద్దరూ ఊరేగింపు చేయలేదు, పిల్లవాడి పేరు నమోదు చేయించబోయారు, అంతే.

ఆన్‌లైన్‌లో అయితే జాబితా చివరిదాకా జరిపి చూడండి. 'ఇతరులు', 'చెప్పలేదు' లాంటివి కొన్నిసార్లు అడుగున ఉంటాయి. ఏదీ లేకపోతే ఎర్ర గీత పడిన ఆ పేజీని ఫొటో తీసుకోండి, తేదీ, టైము కనపడేలా. తర్వాత ఒక ఉత్తరం రాయండి. నా దగ్గర ఇలా టైప్ చేసిపెట్టి ఉంచాను, కావాల్సినవాళ్లు వాడుకోవచ్చు:

"అయ్యా, మీ దరఖాస్తులో మతం, కులం గడులు తప్పనిసరి అని ఉన్నాయి. నేను ఏ మతానికీ, ఏ కులానికీ చెందనని నమ్ముతున్నాను. రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన అంతరాత్మ స్వేచ్ఛ ప్రకారం నా వివరాలను 'మతం లేదు, కులం లేదు' అని నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. సాఫ్ట్‌వేర్‌లో వీలు లేకపోతే ఈ ఉత్తరాన్ని నా దరఖాస్తుకు జత చేసి, అందినట్టు రశీదు ఇవ్వగలరు."

రెండు కాపీలు తీసుకుపోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి ఆ రశీదు దాచుకోండి. కౌంటర్ దగ్గర గొడవ పడొద్దు, అక్కడున్న మనిషికి ఫారం మార్చే అధికారం ఉండదు. ఆఖరి రోజుదాకా మాత్రం ఆగొద్దు. ఆఖరి రోజు ఏమవుతుందో పైన చెప్పాను.

పుట్టుక నమోదు సంగతి ఒకటి. 21 రోజుల్లో చెప్పాలి. అందులో అడిగే మతం లెక్కల కోసం పక్కన పెట్టే భాగంలో ఉంటుంది, మీ చేతికొచ్చే బర్త్ సర్టిఫికెట్ మీద అచ్చు కాదు. ఇది తెలియక మతం గొడవలో పడి నమోదే వాయిదా వేసినవాళ్లను చూశాను. అలా చేయొద్దు, ముందు బిడ్డ పుట్టినట్టు కాగితం ఉండాలి.

పెళ్లి

మతం మార్చుకోకుండా పెళ్లి చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దీనికి ముందు 1872 చట్టం ఉండేది. దాని కింద పెళ్లాడాలంటే నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ని కాను అంటూ వరసగా కాదనాలి. దేవుణ్ని నమ్ముతూనే వేరే మతం మనిషిని ఇష్టపడితే, ఆఫీసరు ముందు నిలబడి తన నమ్మకాన్ని తానే కొట్టేసుకోవాలి. 1923లో కొంత సడలించారు, 1954లో ఆ షరతు పూర్తిగా తీసేశారు. ఇప్పుడు మీ నమ్మకం మీ దగ్గరే ఉంచుకుని పెళ్లి చేసుకోవచ్చు.

ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజుల నుంచి ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చాక ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. ఆ రోజులే కష్టమైనవి, ఎందుకంటే మీ పేర్లు, ఊళ్లు ఆ గోడ మీద ఉంటాయి. అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు. అయితే మాకు ఇష్టం లేదన్నది అభ్యంతరం కాదు. వయసు చాలకపోవడం, ఇదివరకే పెళ్లయి ఉండటం, చేసుకోకూడని వరస కావడం, మానసిక స్థితి సరిగా లేకపోవడం, ఇవే పనికొస్తాయి. గడువు అయ్యాక ముగ్గురు సాక్షులతో పోవాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికొస్తుంది. సాక్షులను నోటీసు ఇవ్వకముందే మాట్లాడిపెట్టుకోండి. ఆ రోజు "మా ఇంట్లో తెలిస్తే కష్టం" అని ఒకరు తప్పుకుంటే పెళ్లి ఆగుతుంది.

ఆస్తి గురించి ముందే ఒక లాయర్‌తో మాట్లాడండి. ఒకరు హిందువు, మరొకరు ముస్లిమో క్రైస్తవులో అయితే వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం కిందికి పోతుంది. ఆ హిందువు ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క. ఇద్దరూ హిందువులే అయి కులాలు వేరైతే ఇది వర్తించదు.

పెళ్లి కాక, ప్రమాణం సంగతి ఒకటి. సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు పోయినా, వార్డు మెంబరుగా గెలిచినా దేవుడి మీద ప్రమాణం తప్పనిసరి కాదు. 1969 ప్రమాణాల చట్టం కోర్టులో ఆ వీలు ఇచ్చింది. ఆత్మసాక్షిగా అంటాను అని ముందే చెప్పండి చాలు.

లెక్క గడి

ఈసారి జనగణనకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టారు, కులం కూడా అడుగుతారు. లెక్కకు వచ్చేది ఎక్కువగా మన ఊరి టీచర్లే. మొహం తెలిసినవాళ్లు కాబట్టి అడగకుండానే రాసుకుపోయే ప్రమాదం ఉంది, నేను ఆ అమ్మాయికి చేసినట్టు. మతం దగ్గరికి వచ్చినప్పుడు "సార్, ఏం రాశారో ఒకసారి చదవండి" అని అడగండి. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కోటి అయితే ఒక్కొక్కరిదీ చెప్పండి. ఇంటి పెద్ద మతమే అందరిదీ అని ఎక్కడా లేదు. కోడలు చర్చికి పోతుంటే ఆమెను అడిగి రాయమనండి.

1948 జనగణన చట్టం ప్రకారం అడిగినదానికి తెలిసినంతలో జవాబు చెప్పాలి. భర్త పేరు పలకకూడదనే ఆచారం ఉన్న ఆడవాళ్లు ఆ పేరు చెప్పనక్కర్లేదని అదే చట్టంలో రాసి ఉంది. చదివినప్పుడు మా నానమ్మ గుర్తొచ్చింది, తాత పేరు ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. మీరు చెప్పిన వివరాలు ఎవరూ తెరిచి చూడటానికి వీల్లేదు, కోర్టులో మీ మీద సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. అందుకే అక్కడ భయం లేకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పమంటాను. 2011లో మతం చెప్పనివాళ్లు దేశంలో 28 లక్షల పైచిలుకు తేలారు. మన మండలంలో ఆ మాట పైకి అన్నవాళ్లు నాకు ముగ్గురే తెలుసు.

నాలాగే కౌంటర్ వెనక కూర్చునేవాళ్లకు

పేరు చూసి, బొట్టు చూసి, గడ్డం చూసి మతం గడి నింపొద్దు. టైము లేదన్నా, లైను పెద్దదైనా అడగండి. మెల్లగా అడగండి, వెనకున్నవాళ్లకు వినపడేలా కాదు. నేను మానిటర్‌ని కస్టమర్‌కు కనపడేలా పక్కకు తిప్పి పెట్టాను. వైరు అందలేదు, పొడుగుది కొని వేశాను. మతం గడి వచ్చినప్పుడు కీబోర్డు మీంచి చెయ్యి తీసి మౌసు వాళ్ల వైపు జరుపుతాను. కొందరు వెంటనే నొక్కుతారు, కొందరు కాసేపు చూస్తారు. ఆ కాసేపు నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దుకుంటాను.